నల్లా నీళ్లలో పురుగుమందుల పరీక్ష: నెలకోసారా, వాన పడ్డప్పుడా?

కట్టకింది ఇల్లు, హన్మకొండ:
పురుగుమందుల కోసం నల్లా నీళ్లను నెలకోసారి పరీక్షిస్తే చాలదా అని మా కాలనీలో వాదన నడిచింది. చాలదంటాను. మన ఊరికి ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులే ఆధారం. చుట్టుపక్కల పల్లెల్లో పత్తి, మిర్చి, మక్క చేలు. జూన్‌లో మక్క విత్తగానే గడ్డి మందు కొడతారు. ఆ వెంటనే గట్టి వాన పడిందా, మందు ఎక్కువగా ఒర్రెలోకి జారేది ఆ ఒకటి రెండు రోజుల్లోనే. ఐదో తారీఖున సీసా నింపి, పన్నెండో తారీఖు వానను వదిలేస్తే ఆ పరీక్ష దేన్ని పట్టుకున్నట్టు?

పాత ఇంజినీర్:
ఫిల్టర్ బెడ్ల దగ్గర 20 ఏళ్లు పనిచేశాను. ఒర్రె వేరు, చెరువు వేరు. చెరువులో మందు పలచబడుతుంది. ఊళ్లలో వాడే నీటి పరీక్ష కిట్ క్లోరిన్, ఫ్లోరైడ్, నైట్రేట్ చెబుతుంది గానీ పురుగుమందు సంగతి చెప్పదు. దానికి మాస్ స్పెక్ట్రోమీటర్ (అతి కొద్ది మందునూ గుర్తుపట్టే యంత్రం) ఉన్న పెద్ద ల్యాబ్ కావాలి, ఖర్చు చాలా. వానాకాలంలో జనం వాంతులు, విరేచనాలతో మంచం పట్టేది పగిలిన పైపుల్లోకి మురుగు చేరి. ఉన్న డబ్బు ముందు అక్కడ పెట్టాలి.

పరకాల రైతు:
ఇదంతా చివరికి రైతు మీదికే వస్తుంది. గులాబీ పురుగు పత్తి కాయలోకి దూరితే ఏ మందు కొట్టాలో మాకు చెప్పేది షాపాయనే. పరీక్ష చేయండి, వద్దనను. కానీ మేం కొట్టేవాటికి చేయండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో 18 పురుగుమందుల పేర్లున్నాయి. అందులో డీడీటీ ఉంది, సుప్రీంకోర్టు 2011లో ఆపించిన ఎండోసల్ఫాన్ ఉంది. పత్తికి కొట్టే ఎసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్ లేవు. గడ్డి మందు గ్లైఫోసేట్ కూడా లేదు. వెతకనే వెతక్కుండా నీళ్లు బాగున్నాయని రాస్తే ఎట్లా? నా బిడ్డ హాస్టల్లో ఆ నల్లా నీళ్లే తాగుతుంది.

కట్టకింది ఇల్లు:
పరకాల అన్నా, జాబితా సంగతి నాకు తట్టలేదు. దాన్ని మన షాపుల్లో అమ్ముడుపోయే మందులను బట్టి రాయాల్సిందే.

ఇంజినీర్ సార్, పైపులు ముందన్నది ఒప్పుకుంటాను. పలచబడుతుందన్నారు, ఎంత పలచబడిందో కొలవకుండా ఎలా తెలుస్తుంది? మక్కకు కొట్టే గడ్డి మందు అట్రాజిన్‌కు మన హద్దు లీటరుకు 2 మైక్రోగ్రాములు. యూరప్‌లో ఏ ఒక్క పురుగుమందైనా 0.1 దాటకూడదు. పటిక, ఇసుక ఫిల్టర్ నీళ్లలో కరిగిన మందును పెద్దగా ఆపవు. క్లోరిన్ అయితే క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందును అంతకన్నా విషమైన ఆక్సాన్ అనే పదార్థంగా మారుస్తుంది. ఆపగలిగేది యాక్టివేటెడ్ కార్బన్, అంటే మందును పట్టుకునే ప్రత్యేకమైన బొగ్గు. దాన్ని ఏ రోజుల్లో వేయాలో తెలియాలన్నా పరీక్షే దిక్కు. ఏడాదికి 12 సీసాలకే డబ్బుంటే ఆ 12 చాలు. ఎండాకాలం రెండు తీయండి. మిగతా పది జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, గట్టి వానల తర్వాత.

పాత ఇంజినీర్:
ఆ లెక్కకైతే నేనూ సరే అంటాను. కానీ పదీ ఒకే చోట తీయకండి. సగం ఒర్రె చెరువులో కలిసే చోట, వాన పడ్డ రోజే. మిగతా సగం నీళ్లు తోడే చోట, వారానికొకటి. అక్కడికి మందు ఆలస్యంగా చేరుతుంది, చేరితే వారాల తరబడి ఉంటుంది.