ఎన్‌ఎంఎంఎస్ (బాగా చదివే పేదింటి పిల్లలకు కేంద్రం ఇచ్చే) స్కాలర్‌షిప్ మంజూరైంది, డబ్బు మాత్రం పడలేదు. మన జిల్లా వాళ్లకు ఎవరికైనా ఇలా జరిగిందా?

పాకాల_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు జడ్పీ హైస్కూల్లో ఎనిమిది చదివేటప్పుడు ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి సెలెక్ట్ అయ్యాడు. తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 అన్నారు. తొమ్మిది అయిపోయి పదికి వచ్చాడు, పోయినేడు డబ్బే ఇంకా రాలేదు. వాడితో పాటు రాసిన పిల్లకు పడింది. నాన్న లేరు, అమ్మ సీజన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కూలికి పోతుంది. వాడేమో తన ఫారంలోనే తప్పు పోయిందేమోనని రోజూ దిగులు పడుతున్నాడు. ఎవరిని అడగాలో చెప్పండి.

పుత్తూరు_టీచర్:
అమ్మా, తమ్ముడికి ముందు ధైర్యం చెప్పు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో స్టేటస్ చూడు. స్కూల్ వెరిఫికేషన్, ఆపైన జిల్లా వెరిఫికేషన్, రెండూ అయి ఉండాలి. రెండూ అయ్యాయంటే చిక్కు బ్యాంకు దగ్గరే. ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ జిరాక్స్ ఇస్తే లింక్ అయిపోయిందనుకుంటాం. అది కేవైసీ మాత్రమే, అంటే ఖాతా ఎవరిదో గుర్తించడానికి. సర్కారు డబ్బు పడాలంటే ఎన్‌పీసీఐ లింక్ (ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో చెప్పేది, దీన్నే సీడింగ్ అంటారు) విడిగా చేయించాలి. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఓటీపీ కొడితే ఏ బ్యాంకో చూపిస్తుంది. మా బడిలో ఆగిపోయిన పిల్లల్లో ఎక్కువమందిది ఇదే కథ.

చంద్రగిరి_నాన్న:
టీచరమ్మ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా పాప డబ్బు కోసం ఏడు నెలలు తిరిగాను. చివరికి చూస్తే, సిమ్ కొన్న రోజు వేలిముద్ర వేయించుకుని మాకు చెప్పకుండా తెరిచిన ఒక పేమెంట్స్ బ్యాంకు ఖాతాలో పడి ఉంది. ఆధార్ చివరగా ఏ ఖాతాకు లింక్ అయితే డబ్బు దానికే పోతుంది. ఫారంలో మనం రాసిన నంబరు చూడరు.

తిరుపతి_డిగ్రీ_ఫైనల్:
అక్కా, నాది ఫీజు రీయింబర్స్‌మెంట్ బాధ. ఆదాయం రెండున్నర లక్షల లోపే, హాజరు 75 శాతం దాటింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డబ్బు విడుదల కాలేదని కాలేజీలో హాల్‌టికెట్ ఆపేశారు. పరీక్షకు రెండు రోజుల ముందు అమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టి కట్టాం. ఉత్త చెవులతో అమ్మ బస్టాండు దాకా వచ్చి నన్ను ఎక్కించింది. 2024-25 నుంచి ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకే వేస్తామన్నారు. అలాంటప్పుడు ఆలస్యానికి పిల్లల్ని ఎందుకు నిలదీయాలి? ఇది మారి తీరాలి.

రేణిగుంట_వదిన:
చదువు మధ్యలో ఆగిన పిల్లలు ఇంట్లో ఉంటే చంద్రగిరిలో యూనియన్ బ్యాంకు వాళ్ల గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో కనుక్కోండి. ట్రైనింగ్, భోజనం, వసతి అన్నీ ఉచితమే. మా ఆడబిడ్డ అక్కడ కుట్టు నేర్చుకుని ఇంటి దగ్గరే మిషన్ వేసుకుంది.

పాకాల_అమ్మాయి:
టీచర్ గారూ, మీరు చెప్పినట్టే చూశాను. తమ్ముడి ఆధార్ ఏ బ్యాంకుకూ లింక్ కాలేదు! బ్యాంకుకు పోతే వాడు మైనరు కాబట్టి అమ్మ వేలిముద్ర కూడా కావాలన్నారు. మామిడి సొనకు అమ్మ వేళ్ల చివర్లు పొక్కి తోలు లేచిపోయింది, మిషన్ తీసుకోలేదు. కొంగుతో తుడిచి, కొబ్బరినూనె రాసి, పదే పదే పెట్టింది. రెండు రోజుల కూలి పోయింది. మూడో రోజు కంటిపాప స్కాన్ చేసే మిషన్ తెప్పించారు, ఒక్కసారికే తీసుకుంది. లింక్ ఫారం రసీదు దాచి పెట్టాను.

పుత్తూరు_టీచర్:
మంచి పని చేశావమ్మా. వారం తర్వాత సీడింగ్ స్టేటస్ మళ్లీ చూడు. ఈ ఏడాది రెన్యువల్ మర్చిపోవద్దు, ప్రతి ఏడూ పోర్టల్‌లో మళ్లీ పెట్టాలి. పదిలో 60 శాతం వస్తేనే ఇంటర్‌లో కొనసాగుతుంది, ఎస్సీ, ఎస్టీలకు 55. ఈ మాట తమ్ముడికి ఇప్పుడే చెప్పు.

పాకాల_అమ్మాయి:
చెప్పాను మేడం. పుస్తకం అట్ట లోపల 60 అని రాసుకున్నాడు. డబ్బు పడిన రోజు ఇక్కడే రాస్తాను.