అప్‌డేట్: 11వ నోడ్ దొంగ దొరికాడు, ర్యామ్ కాదు కేబులే

పోయిన వారం అడిగా కదా, 16 నోడ్ల క్లస్టర్‌లో (కలిసి పనిచేసే 16 కంప్యూటర్లు) 11వ నోడ్ కలిస్తే చాలు ఎంపీఐ జాబ్ (నోడ్లన్నీ మాట్లాడుకుంటూ పంచుకుని చేసే పని) నత్తలా పాకుతోంది, దాన్నొక్కదాన్నే రన్ చేస్తే మాత్రం సూపర్‌గా ఉందని. లాగ్‌లో నాలుగైదు ఈసీసీ ఎర్రర్లు (మెమరీలో దొర్లిన తప్పులు) కనబడేసరికి నేను ర్యామే అని ఫిక్స్ అయిపోయి రెండ్రోజులు స్టిక్కులు మార్చుకుంటూ కూర్చున్నా, అవి పాతవి, ఆ కౌంట్ అసలు పెరగనే లేదు (ముందే చూసుంటే సరిపోయేది, నా బుద్ధి).

ఇక్కడొకరు నెట్‌వర్క్ చూడమన్నారు, ఐబీస్టాట్ (లింక్ స్థితి చూపే కమాండ్) కొడితే రేట్ సెకనుకు 100 గిగాబిట్లు రావాల్సింది 25 అని వచ్చింది. అంటే ఇన్ఫినీబ్యాండ్ (నోడ్లను కలిపే స్పీడ్ నెట్‌వర్క్) లింక్ నాలుగు లేన్లలో, అంటే డేటా దారుల్లో, ఒక్కదాని మీదే నడుస్తోంది, లింక్ అప్‌లోనే ఉంది కాబట్టి ఏ అలారమూ మోగలేదు. పర్ఫ్‌క్వెరీలో (లింక్ ఎర్రర్ల లెక్క చూపే కమాండ్) సింబల్ ఎర్రర్లు, అంటే దారిలో చెడిపోయిన సిగ్నళ్లు, కూడా చూస్తుండగానే పెరిగిపోతున్నాయి.

వెంటనే కొత్తది పెట్టకుండా 12వ నోడ్ కేబుల్‌తో మార్చి చూశా, రోగం 12కి పోయింది, 11 బాగైపోయింది, అంటే నెట్‌వర్క్ కార్డు, స్విచ్ పోర్టు రెండూ క్లీన్. తీసి చూస్తే ర్యాక్ తలుపు దగ్గర కేబుల్ మడతపడి నొక్కుకుపోయి ఉంది. కొత్త కేబుల్ వేశా, రాత్రంతా లిన్‌ప్యాక్ (క్లస్టర్‌ని గట్టిగా పరీక్షించే ప్రోగ్రామ్) తిప్పినా ఒక్క ఎర్రర్ లేదు. థ్యాంక్స్ అందరికీ, పీకిన ర్యామ్ స్టిక్కులు ఏది ఏ స్లాట్‌దో ఇప్పుడు వెతుక్కోవాలి.