అప్‌డేట్: నిమ్మ, దానిమ్మ బతికాయి

తిరుపతిలో మా పెరటి నిమ్మ, దానిమ్మలకు రోజూ నీళ్లు పోస్తున్నా ఆకుల అంచులు మాడిపోతున్నాయని మే నెలలో అడిగాను కదా. ఎండదెబ్బ అనుకున్నాను. తప్పు చాలావరకు నాదే.

మీరు చెప్పినట్టే రోజూ చెంబుడు నీళ్లు పోయడం మానేశాను. కొమ్మల కొసల కింద గుండ్రంగా పాదు తీసి, 4 రోజులకోసారి రెండేసి బిందెలు పోశాను. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. పైపైన తడిపితే అది వేళ్ల దగ్గరే పేరుకుంటుంది. మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తూనే ఉండేది, నేనేమో గోడ సున్నం రాలిందనుకున్నాను! పాదులో నాలుగు వేళ్ల మందాన వేరుశెనగ పొట్టు పరిచాను. సాయంత్రం దాని కింద చెయ్యి పెడితే మట్టి చల్లగా తగిలింది. పడమటి ఎండకు అడ్డంగా పాత చీర కట్టాను. అమ్మ ఇంకా ఆ చీర గురించే అడుగుతోంది.

ఇప్పుడు నిమ్మ నిండా కొత్త చిగుళ్లు. దానిమ్మకు 11 కాయలు నిలిచాయి, ఒకటి పగిలింది. వారం రోజులు ఊరెళ్లి, రాగానే ఒక్కసారిగా నీళ్లు పెట్టాను మరి. సపోటా మాత్రం దక్కలేదు. ఆ గుంటలో ఈసారి రేగు మొక్క పెడుతున్నాను.