22 మెట్ల కీబోర్డుకు స్వరాలు రాసేటప్పుడు అంతర గాంధారానికి ఏ గుర్తు పెట్టాలి?

ప్రశ్న: ఒంగోలు కీబోర్డు

నమస్కారం. నేను ఒంగోలులో పిల్లలకు హార్మోనియం, కీబోర్డు నేర్పుతుంటాను. కిందటి వేసవిలో కంప్యూటర్ సాయంతో నా కీబోర్డును ఒక స్థాయికి (స నుంచి పై స వరకు) 12 మెట్లకు బదులు 22 సమానమైన మెట్లు పలికేలా మార్చుకున్నాను. స్వరాల మధ్య దూరాన్ని కొలిచే సెంట్లలో స్థాయి మొత్తం 1200 కనుక ఒక్కో మెట్టు దాదాపు 54.5 సెంట్లు అవుతుంది. (సెంట్లంటే మా పిల్లలకు ఇళ్ల స్థలాలే తెలుసు, ఈ మాట వచ్చినప్పుడల్లా ఒకసారి నవ్వుకుని గానీ పాఠం ముందుకు సాగదు.) పలికించడం కుదిరింది కానీ, రాయడం దగ్గర ఆగిపోయాను.

13వ మెట్టు 709 సెంట్ల దగ్గర పంచమంగా సరిపోయింది. షడ్జం నుంచి పంచమం ఎంత దూరమో పంచమం నుంచి పై రిషభం అంతే దూరమనీ, రిషభం నుంచి ధైవతం, ధైవతం నుంచి గాంధారం కూడా అంతేననీ లెక్కపెట్టుకుంటూ పోయి, మోహన రాగానికి స 0, రి 4, గ 8, ప 13, ధ 17 అని తేల్చుకున్నాను. కాగితం మీద మాత్రం అలవాటు ప్రకారం స రి2 గ3 ప ధ2 అనే రాశాను (గ3 అంటే అంతర గాంధారం). నా శిష్యుడు నేను చెప్పిన లెక్క ప్రకారం 8వ మెట్టు నొక్కితే గాంధారం చెవిలో గుచ్చుకుంది. వీణ వాయించే మిత్రులొకరు అదే కాగితం చూసి, నన్ను అడగకుండానే 7వ మెట్టు నొక్కి, ఇదే అంతర గాంధారం అన్నారు. ఇద్దరిలో ఎవరు సరిగా చదివినట్టు? అక్షరాలు వదిలేసి 0 నుంచి 21 వరకు అంకెలే రాయమంటారా? లేక మన శాస్త్రంలో స్థాయిని విడదీసే సూక్ష్మ భాగాలైన శ్రుతులు ఎలాగూ 22 కనుక, తీవ్ర, కుముద్వతి, మంద, ఛందోవతి అంటూ ఒక్కో మెట్టుకు ఒక్కో శ్రుతి పేరు పెట్టవచ్చునా?

జవాబు: మూలాపేట లెక్కల మాస్టారు, నెల్లూరు

ఇద్దరూ సరిగానే చదివారు. మీ కాగితం మీద రెండు వేర్వేరు గాంధారాలకు ఒకే పేరు ఉంది, అంతే.

నాలుగు పంచమాలు ఎక్కి రెండు స్థాయిలు దిగితే వచ్చే గాంధారానికి షడ్జంతో కంపనాల నిష్పత్తి 81/64, అంటే 407.8 సెంట్లు. తంబురా మీటినప్పుడు తనంతట తాను వినిపించే గాంధారం నిష్పత్తి 5/4, అంటే 386.3 సెంట్లు. ఈ రెంటి మధ్య దూరమే 81/80, సుమారు 21.5 సెంట్లు; మనవాళ్లు దీన్ని ప్రమాణ శ్రుతి అంటారు. 12 మెట్ల విభజనలో ఈ తేడా పూర్తిగా మాయమై రెండు గాంధారాలూ 400 దగ్గర ఒకే మెట్టులో కూర్చుంటాయి కనుక, ఒకే పేరుతో ఇన్నాళ్లూ గడిచిపోయింది. 22లో మాత్రం పంచమం 3/2 నిష్పత్తి గల శుద్ధ పంచమం కంటే 7 సెంట్లు ఎక్కువ. నాలుగుసార్లు ఎక్కేసరికి ఆ ఎక్కువ 28 సెంట్లయి, మీ 8వ మెట్టు 436 దగ్గర తేలింది. 7వ మెట్టు 382 సెంట్లు కనుక తంబురా గాంధారానికి దగ్గరగా ఉంది. ధైవతంలోనూ ఇదే చిక్కు ఉంది: పంచమాల లెక్కతో 17వ మెట్టు వస్తుంది, 5/3 నిష్పత్తికి దగ్గరైనది 16వ మెట్టు.

రాతకు నేను వాడే పద్ధతి ఇది. పంచమాల వరుసలో వచ్చిన స్వరానికి అక్షరం మాత్రమే రాయాలి. అక్కడి నుంచి ఒక మెట్టు తగ్గితే పక్కన కిందికి బాణం, పెరిగితే పైకి బాణం పెట్టాలి. అప్పుడు మీ మోహనం స రి గ↓ ప ధ↓ అవుతుంది. పాశ్చాత్యుల్లో సమ విభజనల మీద పనిచేసేవారు అప్స్ అండ్ డౌన్స్ అని పిలిచే పద్ధతి ఇదే. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: బాణం విలువ విభజనను బట్టి మారుతుంది కనుక స్థాయిని ఎన్ని సమాన మెట్లుగా విభజించారో, 22 అనో 53 అనో, కాగితం తలమీద రాసి తీరాలి. 31 విభజనలో పంచమం 697 సెంట్లకు తగ్గడం వల్ల నాలుగు పంచమాల గాంధారమే 10వ మెట్టులో, 387 సెంట్ల దగ్గర పడుతుంది. అక్కడ బాణమే అక్కరలేదు. 53లో గాంధారం 18వ మెట్టు, గ↓ 17వ మెట్టు, అంటే 385 సెంట్లు.

ఇక శ్రుతి పేర్ల సంగతి. దయచేసి ఆ పని చేయకండి. నాట్యశాస్త్రం చెప్పిన భరతుడు షడ్జ గ్రామమనే ప్రాచీన స్వరవరుసలో స్వరాలకు 4, 3, 2, 4, 4, 3, 2 చొప్పున శ్రుతులు చెప్పాడు, మొత్తం 22. కానీ నిష్పత్తులతో కట్టిన పట్టికలో ఆ 22 ఖాళీలు సమానం కావు. అందులో 81/80 ఖాళీలు 10, 25/24 ఖాళీలు 5, 256/243 ఖాళీలు 7. వీటిని 53 విభజనలో కొలిస్తే వరుసగా 1, 3, 4 మెట్లు. 10కి 15, దానికి 28 కలిపితే సరిగ్గా 53 వస్తుంది. నేను మొదటిసారి ఈ కూడిక వేసినప్పుడు నమ్మలేక మళ్లీ వేశాను. కాబట్టి శ్రుతులను సమ విభజనలో రాయాలనుకుంటే 53 మీదే రాయాలి. అంకెలు కలిశాయని 22 మీద రాస్తే పొరపాటు.

జవాబు: కావలి హార్మోనియం

నేను పద్యనాటకాల వారికి హార్మోనియంలు బాగుచేస్తుంటాను. అసలు సమ విభజన ఎందుకన్నది నాకు ఒక దెబ్బతో అర్థమైంది. ఒక నటుడు ఒకటి శ్రుతిలో (ఆ మెట్టును షడ్జంగా పెట్టుకుని) పాడతారు, గాంధారం తీయగా కావాలన్నారు. ఆ రీడును (స్వరం పలికే లోహపు రేకును) మొదలు దగ్గర ఆకురాయితో రాసి 14 సెంట్లు తగ్గించి ఇచ్చాను, ఆయన సంతోషించారు. మర్నాడు రాత్రి అదే పెట్టె మీద మరొకరు ఆరు శ్రుతి అందుకున్నారు. నిన్నటి గాంధారం వారికి పంచమం. ఆ పంచమం రాత్రంతా షడ్జంతో కొట్టుకుంటూనే ఉంది. మెట్లన్నీ సమానమైతే ఆధార శ్రుతి ఎక్కడికి మార్చినా రాత మారదు, బాణమూ మారదు. ఈ సౌకర్యం కోసమైనా మాస్టారు గారి పద్ధతి మంచిది. అయితే శ్రుతి అన్న మాట ఆధారానికీ, 22కీ రెంటికీ వాడుతున్నాం కనుక, తలమీద ‘విభజన 22, ఆధారం ఒకటిన్నర’ అని విడివిడిగా రాయండి.

జవాబు: కందుకూరు గాత్రం

లెక్క ఒప్పుకుంటాను, కానీ ఒక సందేహం. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో కంపితం, స్ఫురితం, నొక్కు, జారు మొదలైన గమకాలకు, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరులకు, వేర్వేరు గుర్తులున్నాయి. ఊగే స్వరాన్ని ఊగే స్వరంగానే రాయడం అది. తోడి రాగంలోని గాంధారాన్ని ఏ మెట్టులో నిలబెట్టినా అది తోడి గాంధారం కాదు. మోహనం లాంటి రాగంలో నిలిచే స్వరాలకు మీ బాణాలు పనికొస్తాయి; కంపితం వచ్చిన చోట గమక గుర్తే రాసి బాణం మానేయడం మేలని నా అభిప్రాయం.

తిరిగి: ఒంగోలు కీబోర్డు

అందరికీ కృతజ్ఞతలు. గ↓, ధ↓ అని రాసి ఇస్తే ఈసారి ఇద్దరూ ఒకే మెట్టు నొక్కారు. 53కు మారాలని ఉంది కానీ, నా కీబోర్డుకు ఉన్నవే 61 మెట్లు. ఒక స్థాయి దాటగానే అయిపోతాయి. అందుకని కాగితం మీద 53 రాసి, రాగానికి కావలసిన 12 స్వరాలను మాత్రమే ఏరి మామూలు మెట్లకు కేటాయిస్తున్నాను. ఇంకొక చిక్కు తగిలింది. షట్‌శ్రుతి రిషభాన్నీ సాధారణ గాంధారాన్నీ పంచమాల వరుసతోనే లెక్కిస్తే, 22లో రి3 7వ మెట్టులో, గ2 5వ మెట్టులో పడుతున్నాయి. రిషభం గాంధారాన్ని దాటిపోవడం సబబేనా?

జవాబు: మూలాపేట లెక్కల మాస్టారు, నెల్లూరు

మీ లెక్క సరైనదే. 12లో ఒకే మెట్టుగా ఉన్న ఆ జంట 22లో రెండు మెట్లు, 53లో ఒక మెట్టు తారుమారవుతుంది: 53లో రి3 14, గ2 13. 31లో మాత్రం రి3 7, గ2 8గా క్రమంలోనే ఉంటాయి. 22లో ఆ 7వ మెట్టు మీ గ↓ కూడా అని గమనించారా? కనుక అక్కడ రి3ని పంచమాల వరుసతో రాయకండి. 6/5 నిష్పత్తికి దగ్గరైన 6వ మెట్టును గ2↑ అని రాసి, నాట వంటి రాగాల్లో రిషభమని పలకవలసిన చోట అదే 6వ మెట్టును రి3↓ అని రాయండి.