జోన్ ఎర్డ్‌లీ పద్ధతి: తైలవర్ణంలో అతికించిన గడ్డి ఊడిపోతోంది, సలహా కావాలి

స్కాట్లండ్ చిత్రకారిణి జోన్ ఎర్డ్‌లీ (1921–1963) గ్లాస్గోలోని టౌన్‌హెడ్ వీధి పిల్లలను గీశారు. తర్వాత ఈశాన్య తీరంలోని కాటర్‌లైన్ అనే పల్లెలో, గాలివానల మధ్య ఆరుబయటే నిలబడి సముద్రాన్నీ పొలాలనూ చిత్రించారు. 42 ఏళ్లకే కాన్సర్‌తో కన్నుమూశారు. 1960లో హార్డ్‌బోర్డు (చెక్క నారను అదిమి చేసిన గట్టి పలక) మీద ఆమె వేసిన 'సీడెడ్ గ్రాసెస్ అండ్ డైసీస్, సెప్టెంబర్'లో నిజమైన గడ్డిపోచలూ గింజల కంకులూ రంగులోనే ఇమిడి ఉంటాయి. గడ్డిని ఇంత సజీవంగా పట్టుకున్న చిత్రం నాకు మరొకటి తెలియదు.

ఆ పద్ధతిని సాధన చేస్తున్నాను. హార్డ్‌బోర్డు నునుపు వైపును గరుకు కాగితంతో రుద్ది, రెండు పూతలు జెస్సో (రంగు పట్టేందుకు ముందుగా వేసే తెల్లని పూత) వేశాను. దాని మీద సుమారు 4 మిల్లీమీటర్ల మందాన తైలవర్ణం పరిచి, తడిగా ఉండగానే గడ్డిని అదిమాను. మొదటి వారం బాగానే ఉంటుంది. మూడో వారానికి కాడల చుట్టూ రంగు ముడతలు పడి, సన్నని పగుళ్లు వస్తున్నాయి. పైపొర గట్టిపడినా లోపల మెత్తగానే ఉంటోంది. వేలు తగిలితే కంకులు రాలిపోతున్నాయి.

పచ్చి గడ్డిలోని తేమే కారణమేమోనని, వార్తాపత్రికల మధ్య పెట్టి పూర్తిగా ఎండబెట్టి వాడాను. ముడతలు కొంత తగ్గాయి, రాలడం మాత్రం ఆగలేదు. పొరను పలచన చేస్తే గడ్డి అసలు అంటుకోవడం లేదు. రంగులో అవిసె నూనె కలిపితే ముడతలు ఇంకా పెరిగాయి.

తైలవర్ణంలో అదిమే ముందు ఎండు గడ్డికి ఏ పూత వేస్తే అది రంగును గట్టిగా పట్టుకుని ఉంటుంది?