టార్క్ రెంచ్‌తో బిగించినా ఒక్క నట్టు మాత్రం వదులవుతోంది

మా కారు వెనక ఎడమ చక్రానికి నాలుగు నట్లు, అలాయ్ వీల్. నట్లను ఎంత బలంతో తిప్పి బిగించాలో (టార్కు) మాన్యువల్‌లో 100 న్యూటన్ మీటర్లని ఉంది. చక్రం నేలకు ఆనాక ఎదురెదురుగా ముందు 50కి, తర్వాత 100కి బిగించి, ఆ టార్కు చేరిందని రెంచ్ చేసే క్లిక్ వినపడగానే ఆపాను. నెల్లూరు నుంచి కావలి వెళ్లొచ్చి, చక్రం చల్లారాక చూస్తే మూడు నట్లు కదలకుండానే క్లిక్‌మన్నాయి. నాలుగోది పావు చుట్టు తిరిగింది. మూడుసార్లూ ఇంతే.

మరలు, హబ్ (చక్రం ఆనుకునే భాగం) వైర్ బ్రష్‌తో శుభ్రం చేశాను. నూనె రాయలేదు, రాస్తే అదే టార్కుకు మరీ ఎక్కువ బిగుస్తుంది. నట్లు అటూ ఇటూ మార్చినా అదే స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) దగ్గర వదులు. అక్కడ చక్రం రంధ్రం అంచున వేలు పెడితే సన్నని గీత తగులుతోంది. ఇదివరకు పంక్చర్ షాపులో ఎయిర్ గన్‌తో బిగించారు.

పిల్లలతో హైవే ఎక్కాలంటే టెన్షన్‌గా ఉంది. స్టడ్ సాగిందా, అలాయ్‌లో నట్టు కూర్చునే చోటు అరిగిందా అన్నది ఎలా తేల్చుకోవాలి?