బీటెక్ అవ్వగానే కన్సల్టింగ్‌లో చేరడం మంచిదేనా?

మెకానికల్_ఫైనల్‌ఇయర్: రెండు ఆఫర్లున్నాయి. ఒకటి గచ్చిబౌలిలో కన్సల్టింగ్ కంపెనీ, అనలిస్ట్ పోస్టు. రెండోది పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో ట్రైనీ. జీతం మొదటిదాంట్లోనే ఎక్కువ. మా సీనియర్ మాత్రం "ఏ పనీ చెయ్యనోడివి, కంపెనీలకు సలహాలేం చెప్తావురా" అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

బొల్లారం_షిఫ్ట్: తమ్ముడూ, ఫ్యాక్టరీకే పో. బ్యాచ్ ఎందుకు ఫెయిలైందో, ఆపరేటర్ ఏ మాట పైకి చెప్పడో ప్లాంట్‌లో నిలబడితేనే తెలుస్తది. అంజిరెడ్డి గారు కూడా ముందు సర్కారు మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి, ఆ తర్వాతే 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. కన్సల్టింగ్ ఎక్కడికీ పోదు. కొన్నేళ్లు పనిచేసి ఐఎస్‌బీ బిజినెస్ స్కూల్లో ఏడాది కోర్సు చేస్తే, క్యాంపస్‌కి వచ్చే వాటిలో ఆ కంపెనీలే ముందుంటాయి.

నైట్‌కాల్_అక్క: బొల్లారం అన్నా, ప్లాంట్ గురించి మీరన్నది నిజమే. కానీ ఆ సీనియర్ మాట తప్పు. కొత్తగా చేరినవాళ్లని ఎవరూ సలహా అడగరు. డేటా శుభ్రం చేయడం, ఎక్సెల్‌లో లెక్క కట్టడం, క్లయింట్ మనుషులతో మాట్లాడి నోట్స్ రాయడం, స్లైడ్లు చేయడం, మొదట్లో పనంతా అదే. క్లయింట్ ముందు నిలబడి చెప్పేది మేనేజర్, పార్ట్‌నర్. ఇంటర్వ్యూలోనూ అంతే. హైదరాబాద్‌లో రోజుకి ఎన్ని ఇరానీ చాయ్‌లు అమ్ముడవుతాయని అడిగితే వాళ్లకి కావలసింది ఆ అంకె కాదు. జనాభా, హోటళ్లు, ఒక్కో హోటల్లో రద్దీ వేళలు, ఇలా ప్రశ్నని ఎలా విడగొట్టావన్నదే చూస్తారు. ఆ అలవాటు ఇరవై రెండేళ్లకే పడితే ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

నా భయం వేరే. మన ఊళ్లో కన్సల్టింగ్ అని పిలిచే ఉద్యోగాల్లో చాలావరకు శాప్, సేల్స్‌ఫోర్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు కంపెనీల్లో పెట్టించే పనులే, లేదా అమెరికా టీమ్‌కి వెనకనుంచి సాయం. అవీ మంచి ఉద్యోగాలే, కానీ వ్యాపార వ్యూహం నేర్చుకుందామని చేరినవాళ్లు ఏడాది తిరక్కుండానే నీరుగారిపోతున్నారు. కాబట్టి తమ్ముడూ, సంతకం పెట్టేముందు అడుగు: ఏ టీమ్? క్లయింట్‌తో నేరుగా మాట్లాడతానా? పని వేళలేంటి? న్యూయార్క్ మనకంటే ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక. మీటింగులన్నీ రాత్రికే పడతాయి.

సంగారెడ్డి_పిల్ల: ఇంట్లో అప్పుంటే జీతం చూసుకోవడం తప్పేం కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా హాస్టల్ ఖర్చుకి నాన్న తెచ్చిన వడ్డీ డబ్బు అలాగే ఉంటది.

బొల్లారం_షిఫ్ట్: ఆ మాట ఒప్పుకుంటా చెల్లె. టీమ్ సంగతి అడగమన్న అక్క మాట కూడా. శాప్ పెట్టించే పనైతే మాత్రం నా ఓటు పటాన్‌చెరుకే.

మెకానికల్_ఫైనల్‌ఇయర్: అప్పు ఉందక్కా. సోమవారం హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి టీమ్ ఏదో అడుగుతా. ఏం చెప్పారో ఇక్కడే రాస్తా.